కదలని ముఖం

రక్తపరీక్షల కిటికీ ముందు వరస నత్తనడక నడుస్తోంది. పదకొండో మనిషి దగ్గర అది పూర్తిగా ఆగిపోయింది.

"తిన్నావా, తినలేదా? ఆ ఒక్క ముక్క చెప్పవమ్మా," లోపలినుంచి నర్సు మూడోసారి అడిగింది.

కిటికీకి ఇవతల నిలబడ్డావిడ చూపుడువేలు చెవికి ఆనించి, అదే వేలు అడ్డంగా ఊపింది. వినపడదు అని. నర్సు గొంతు ఇంకాస్త పెంచింది. చివరికి విసుగెత్తి అయిదు వేళ్లూ నోటి దగ్గరకు తీసుకెళ్లి, కళ్లెగరేసి అడిగింది. ఆవిడ ముఖం విప్పారింది. తిన్నానని తలూపి, కడుపు మీద చెయ్యి వేసి చూపించింది. చెప్పిన పని చెప్పినట్టు చేసుకొచ్చిన మనిషి ధీమా ఉంది ఆ చూపించడంలో.

"తినే వచ్చావా! గోడకు అంతలేసి టీవీ పెట్టి, మీవాళ్ల కోసమే ప్రత్యేకంగా బొమ్మల సినిమా వేస్తుంటే, అదన్నా చూసి ఏడవకూడదూ? రేపు రా. పరగడుపున రా. తప్పుకో."

ఆవిడ టీవీ వైపు వేలు చూపించింది. తర్వాత తన నోరు చూపించింది. మళ్లీ టీవీ.

"ఆఁ, అదే. అదే చూడమంటున్నా. తర్వాత ఎవరూ?"

వెనకాయన భుజంతో కొంచెం నెట్టాడు. ఆవిడ పక్కకు జరిగి, ఏం తప్పు చేశానా అన్నట్టు అటూ ఇటూ చూసింది. సూది కోసం ఎడమచేతి జాకెట్టు చెయ్యి మోచేతి పైదాకా ముందే మడిచి పెట్టుకుంది. ఆ మడత విప్పకుండానే గుమ్మం దాటి వెళ్లిపోయింది.

హాలు చివర బెంచీ మీద కూర్చుని ఇదంతా చూసినామె, టీవీలో ఆడుతున్న ఆ బొమ్మల సినిమా తీసిన మనిషే. ఆవిణ్ని ఆపుదామని లేచింది. ఆమెకు సైగల్లో మాట్లాడటం వచ్చు. కానీ ఒళ్లో ఉన్న సంచీ జారి, దాన్ని అందుకుని, మనుషుల్ని తప్పించుకుని గుమ్మం దగ్గరకు వచ్చేసరికి వీధిలో ఎవరూ లేరు. నర్సు మీద కోపం వచ్చింది. దాని వెనకే, అంత కష్టపడి తీస్తే చూసుకోకుండా తిని వచ్చిందే అని ఆవిడ మీద కూడా కాస్త కోపం వచ్చింది. గోడ మీద నీలం కోటు బొమ్మ చిరునవ్వుతో చేతులు తిప్పుతూనే ఉంది.

ఆసుపత్రిలో ప్రచారం పనులు చూసే ఆఫీసరు ఆమె తెచ్చిన మూడో సినిమా తన కంప్యూటర్లో పెట్టుకుని, మెడ పక్కకు వాల్చి చూశాడు. మొదటిది రక్తపరీక్ష గురించి, రెండోది ఎక్స్‌రే గురించి, ఇది మందులు వాడే పద్ధతి గురించి. అన్నీ వినపడనివాళ్ల కోసమే.

"చేతులు నాట్యం చేస్తున్నాయమ్మా," అన్నాడు. "మొదటి రెండూ చూసి కమిటీలో డాక్టర్లు కూడా అదే అన్నారు. ఇక నాలుగోది ఆపరేషన్ మీద. డాక్టరూ పేషెంటూ ఇద్దరూ కనపడాలి. వచ్చే శనివారానికి ఇచ్చేస్తే..."

"ఇందాక కిటికీ దగ్గర ఒకావిడని పంపించేశారు సార్. తిని వచ్చిందని."

"అదే కదా నా బాధ! ఈ నెలలో ఆవిడ నాలుగో మనిషి. మనం ఎంత చేసినా మీవాళ్లు చూడరమ్మా." ఆయన మాటలో కసురుకోవడం లేదు, నిజంగానే దిగులు ఉంది. "నీ తప్పు కాదులే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే."

మీవాళ్లు అన్న మాట ఆమెకు గుచ్చుకుంది. కానీ సైగలు తెలిసిన మనిషి కాబట్టే, వినపడని అన్న ఉన్న చెల్లెలు కాబట్టే ఈ పని తనకు వచ్చింది.

*

ఆమె కంప్యూటర్ మూడు లావుపాటి పుస్తకాలు పేర్చినంత ఉంటుంది, అంతే. ఏదో ఆఫీసు మూసేసినప్పుడు గుమాస్తా బల్ల మీద నుంచి దిగి ఆమె బల్ల మీదకు ఎక్కింది. ఉత్తరాలు కొట్టడానికీ పట్టికలు వేయడానికీ పుట్టిన ప్రాణి. తెర మీద బొమ్మల్ని కదిలించడానికి వేరే గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. దీనికి అది లేదు. అందుకని ప్లే నొక్కితే బొమ్మ చెయ్యి ఎత్తడం మొదలుపెట్టి, మధ్యలో ఆలోచనలో పడి, ఎక్కడో తేలేది. అసలు కదలిక ఎలా ఉందో తెలియాలంటే గంటల తరబడి మొత్తం తయారయ్యేదాకా ఆగాలి. మూడు సినిమాలు అలాగే తీసింది. నాలుగో దానిలో రెండు బొమ్మలు ఒకే చోట నిలబెట్టేసరికి కంప్యూటర్ పూర్తిగా చేతులెత్తేసింది.

మంగళవారం పొద్దున ఆమె వీధి చివర రిపేరు షాపాయన్ని ఇంటికి పిలుచుకొచ్చింది. ఎప్పుడూ పెదాల మధ్య ఒక స్క్రూ పెట్టుకుని మాట్లాడతాడు కాబట్టి ఆయన్ని చిన్నాపెద్దా అందరూ స్క్రూ బాబాయి అంటారు. ఆయన ఓ పెద్ద కార్డు పెట్టె చంకలో పెట్టుకుని వచ్చి, కంప్యూటర్ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదా? ఇది చెప్పవేం అమ్మాయ్? ఎలకబోను చూపించి ఏనుగును పెట్టమంటే ఎట్లా?"

"చిన్నదని చెప్పాను కదా బాబాయ్."

"ఆడపిల్లలు చెప్పే చిన్నదీ షాపువాడు చెప్పే చిన్నదీ వేరు," అంటూనే కూర్చుని మూత విప్పాడు. లోపల దుమ్ము దూదిలా పేరుకుంది. బ్రష్షుతో ఊడ్చి, వేళ్లతో కొలిచాడు. "ఇందులో సగం ఎత్తు కార్డే పడుతుంది. అది కూడా పల్చటిది. పైగా దీనికి కరెంటిచ్చే డబ్బా పిచ్చుకంత. విడిగా తీగ లాగి కరెంటివ్వడం కుదరదు, బోర్డు ఇచ్చేదానితోనే సరిపెట్టుకునేది కావాలి. ఉన్నాయి అలాంటివి. తెప్పిస్తాను. గురువారానికి వస్తుంది."

ముందు గదిలోంచి అన్న తొంగిచూశాడు. అతను టైలరు. ముందు గది అతని షాపు, వెనక గది ఆమె పని. మెడలో టేపు, వేళ్ల మధ్య సుద్దముక్క. బాబాయి అతన్ని చూడగానే అలవాటుగా గొంతెత్తి, "ఏమయ్యా, బాగున్నావా?" అని అరిచాడు.

"అరిస్తే వినపడదు బాబాయ్."

"తెలుసమ్మా. నేను కంప్యూటర్ల మీద కూడా అరుస్తాను. వాటికీ వినపడదు."

అన్న నవ్వాడు. మాట వినపడక్కర్లేదు, బాబాయి ముఖం చూస్తే చాలు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, చెవి వెనక వేలు పెట్టి తీశాడు. చిన్నప్పటినుంచీ పెన్సిలు చెవి వెనక దోపుకుని తిరిగేది కాబట్టి అదే ఆమెకు అతను పెట్టిన పేరు. పెన్సిల్! ఈ డబ్బాకు ఏమైంది?

ఆమె సైగలతోనే చెప్పింది. "దీనికి బలం చాలట్లేదు. కొత్త భాగం వేయిస్తున్నా."

"వేస్తే ముఖం వస్తుందా?"

ఆమె నిట్టూర్చింది. మొదటి సినిమా చూపించిన రోజునుంచీ ఇదే పాట. బొమ్మ ముఖం బాగాలేదు, ముఖం చచ్చిపోయింది, ముఖం కావాలి. బొమ్మ ముఖంలో ముప్పై చిల్లర చోట్ల కదిపే మీటలుంటాయి. అవి తెరిస్తే కంప్యూటర్ కదలనంటుంది. అందుకే ముఖాన్ని ఒక చిరునవ్వులో బిగించేసి, చేతులు మాత్రం వేలు వేలునా శ్రద్ధగా చేసింది. కింద అక్షరాలు ఎలాగూ వస్తాయి. అందం కోసం అంత పాకులాట ఎందుకని అన్నకు చాలాసార్లు చెప్పింది. నెమ్మదిగా అతను అడగడం మానేశాడు. మళ్లీ ఇవాళే అడగడం.

"వస్తుందిలే," అంది.

గురువారం బాబాయి తెచ్చిన కార్డు అరచేయంత ఉంది. దానికి ఒకే చిన్న ఫ్యాను. కానీ పెట్టె విప్పి చూస్తే కార్డు అంచున బిగించే ఇనప పట్టీ పొడుగుది. ఇలాంటి చిన్న డబ్బాలకు వాడే పొట్టి పట్టీ పెట్టెలో లేదు.

"ఇవ్వాల్సింది మర్చిపోయాడు చచ్చినోడు," అని బాబాయి స్క్రూ నమిలినంత పని చేశాడు. "మళ్లీ పంపిస్తే ఇంకో వారం. పట్టీ లేకుండా పెడితే కార్డు వేలాడుతుంది. ఓ రోజు నువ్వు తీగ లాగుతావు, ఊడి చేతికొస్తుంది."

"శనివారానికి ఇవ్వాలి బాబాయ్."

ఆయన సంచీ అంతా వెతికి, పాత నెట్‌వర్క్ కార్డు తాలూకు పొట్టి పట్టీ ఒకటి తీశాడు. రంధ్రాలు కలవలేదు. ఇవి ఒకచోట, అవి ఒకచోట. తెర తీగ గుచ్చే చోట కూడా పట్టీ అడ్డం వస్తోంది. అన్న వచ్చి రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. కార్డును తలకిందులు చేసి, పట్టీని దాని మీద ఆనించి, సుద్దతో గీయబోయి, ఇనుము మీద అది నిలవదని నవ్వుకుని, సన్నటి గుండుసూదితో దాని మీద మూడు గీతలు గీశాడు. ఇక్కడ రంధ్రం. ఇక్కడ రంధ్రం. ఇక్కడినుంచి ఇక్కడిదాకా కత్తిరించాలి.

"అంచు ఓ నూలు మందం వదలాలి," అన్నాడు సైగతో. "సరిగ్గా గీత మీద కోస్తే తర్వాత ఏడవాలి."

"ఏమంటున్నాడు?" బాబాయి అడిగాడు.

"గీతకు ఇవతల కొయ్యమంటున్నాడు."

"నాకే చెబుతున్నాడా! ముప్పై ఏళ్లు..." అని మొదలుపెట్టి, పట్టీ మళ్లీ ఆనించి చూసుకుని, "నిజమేలే," అని గీతకు ఇవతలే కోశాడు. ఆకురాయితో గంటన్నర పట్టింది. ఒకరు పట్టుకుంటే ఒకరు అరగదీశారు. ఇనప రజను మిషను మీది నీలిగుడ్డ మీద పడితే అన్న గుడ్డ దులిపి, ఆ గుడ్డ యజమాని పొట్ట ఎంత ముందుకుంటుందో నడిచి చూపించాడు. బాబాయి పెదాల మధ్య స్క్రూ నవ్వుకి కిందపడింది. దాన్ని వెతకడానికి ఇంకో పావుగంట.

కార్డు లోపలికి వెళ్లాలంటే డిస్కును పట్టి ఉంచే తట్ట తీసి, డిస్కును పక్క గోడకు అంటించాల్సి వచ్చింది. బాబాయి రెండు బొటనవేళ్లతో నొక్కాడు. టక్కుమంది. మూత బిగించి స్విచ్చి వేశారు. ఫ్యాను తిరిగింది. ఆమెకూ బాబాయికీ శబ్దం మామూలుగానే ఉంది. అన్న డబ్బా మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, కుట్టుమిషను మీద పెట్టినట్టే ఓ క్షణం ఉంచి, తల అడ్డంగా ఊపాడు. లోపల ఏదో తగులుతోంది.

"ఏం తగలట్లేదయ్యా," అని అరిచాడు బాబాయి. అయినా మూత విప్పాడు. సన్నటి తీగ ఒకటి ఫ్యాను రెక్క అంచును రాస్తోంది. ఇంకో వారమైతే తెగేది.

"పాతికేళ్లుగా వీధిలో ఉంటూ నీకు పని చెప్పలేకపోయానే," అన్నాడు బాబాయి, ఈసారి అరవకుండా. తీగను దారంతో వెనక్కి కట్టేశాడు.

*

ఆ మధ్యాహ్నం ఆమె ప్లే నొక్కి, వేలు తీయడం మర్చిపోయి అలా చూస్తూ ఉండిపోయింది. బొమ్మ చెయ్యి ఎత్తింది, దించింది, తిప్పింది. ఎక్కడా ఆగలేదు. రెండు బొమ్మల్ని నిలబెట్టింది. ఆగలేదు. కోటు ముడతలు తెరిచింది, నీడలు తెరిచింది. ఏడాదిగా మబ్బుగా ఉన్న అద్దం ఎవరో తుడిచినట్టుంది.

ముఖం కూడా తెరిచి చూద్దామనిపించింది. కొత్త సినిమాలో ఇంకా ఏమీ లేదు కాబట్టి, పూర్తయిన రక్తపరీక్ష సినిమానే తెరిచింది. వినపడని పిల్లల బడిలో పాఠం చెప్పే టీచరు ఒకాయన ఆ మాటలన్నీ సైగల్లో చెబుతుంటే తీసిన వీడియో ఆమె దగ్గరుంది. దాన్ని పక్కన పెట్టుకునే అప్పుడు చేతులు చేసింది. ఇప్పుడు చేతుల జోలికి పోకుండా ఆయన ముఖాన్ని చూస్తూ బొమ్మ ముఖం కదపసాగింది. పొద్దున అని చెప్పేటప్పుడు కనుబొమలు కొంచెం పైకి. తినడం అన్న సైగ దగ్గర కనుబొమలు ముడిపడి, పెదాలు బిగిసి, తల అడ్డంగా రెండుసార్లు. తర్వాత రావడం అన్న సైగ, తల నిటారుగా. కష్టమేమీ లేదు. మార్చగానే కనిపిస్తుంటే మార్చడం ఆటలా ఉంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆ ఒక్క వాక్యం అయింది.

ముందు గదిలోకి వెళ్లి అన్న భుజం తట్టింది. "రా. నీ ముఖం వచ్చింది."

అతను దారం కొరికి లేచి వచ్చాడు. బల్ల మీదకు వంగి చూశాడు. రెండుసార్లు చూశాడు. ముఖం తేటపడింది. బాగుంది, బాగుంది అని ఆమె వీపు మీద చరిచాడు. తర్వాత మామూలుగా అడిగాడు.

"ఎప్పుడు మార్చారు?"

"ఏది?"

"ఆసుపత్రి రూలు. ఇంతకుముందు తిని రమ్మనేవాళ్లు కదా. ఇప్పుడు తినకుండా రమ్మంటున్నారు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "ఎప్పుడూ తినకుండానే రమ్మంటారు. రూలు మారలేదు."

"నువ్వే చెప్పావు," అన్నాడు అతను. "ఈ బొమ్మే చెప్పింది." పాత సినిమాలో బొమ్మ ఎలా చెప్పిందో చేసి చూపించాడు. ముఖం రాయిలా బిగించుకుని, ఆ చిరునవ్వు కూడా పెట్టుకుని, పొద్దున, తినడం, రావడం. పొద్దున్నే తిని రండి.

ఆమె టీచరు వీడియో మళ్లీ పెట్టి చూసింది.

ఆ మూడు సైగల్లో 'వద్దు' అన్నది చేతిలో లేదు. అది తలలో ఉంది, ముడిపడ్డ కనుబొమల్లో ఉంది. టీచరు 'వద్దు'ను ముఖంతో చెప్పాడు. తను ముఖం తీసేసింది. ఇంట్లో అన్నతో మాట్లాడేటప్పుడు తనూ అలాగే తల ఊపుతుంది, ఊపుతున్నానని కూడా తెలియకుండా ఊపుతుంది. నలభై ఏళ్లుగా మాట్లాడుతున్న భాష. కానీ బల్ల ముందు కూర్చున్నప్పుడు సైగలంటే చేతులే అనుకుంది, వినపడే వాళ్లందరూ అనుకున్నట్టే.

"కింద అక్షరాలున్నాయి కదా," అంది, అది అడ్డుపెట్టుకోవడానికి పనికొస్తుందేమోనని.

"నేను ఒక మాట కూడబలుక్కునేలోపు మూడు మాటలు వెళ్లిపోతాయి. నాకు చేతులూ ముఖమే."

"మరి నాకు చెప్పలేదేం?"

అతను విస్తుపోయి చూశాడు. "ముఖం లేదని ఎన్నిసార్లు చెప్పాను?"

"బాగాలేదన్నావు. అందంగా లేదంటున్నావనుకున్నా."

"బాగాలేదంటే," అన్నాడు అన్న, చిన్నపిల్లకు చెబుతున్నట్టు నెమ్మదిగా, "మాట సరిగ్గా లేదని."

ఆమెకు కంప్యూటర్ గుర్తుకొచ్చింది. అడిగిన ప్రతిసారీ ఆ డబ్బా వైపు చెయ్యి చూపించింది. దీనికి బలం చాలదు, దీని వల్ల కాదు. అది అబద్ధం కాదు. కానీ ఒక్క రోజైనా అతన్ని కూర్చోబెట్టి, ముఖం ఎందుకు కావాలని అడిగి ఉంటే, ఏ కార్డూ లేకుండానే ఆ ఒక్క తల ఊపు పెట్టగలిగేది. రాత్రంతా పట్టినా పెట్టగలిగేది.

జాకెట్టు చెయ్యి మడిచి పెట్టుకుని వెళ్లిపోయినావిడ టీవీనీ నోటినీ మార్చి మార్చి చూపించింది. అక్కడే చెప్పారు తినమని, అంటోంది. అక్కడే చెప్పారు.

అన్న ఆమె ముఖం చూశాడు. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. మిగతావి కూడా తెరవమన్నాడు.

*

"చూడమ్మా," శుక్రవారం పొద్దున ఆఫీసరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "కమిటీ పాస్ చేసిన సినిమా అది. ఆరుగురు సంతకాలు పెట్టారు."

"ఆ ఆరుగురిలో వినపడనివాళ్లు ఒక్కరూ లేరు సార్."

"లేరు. నిజమే." ఆయన ఆ సంగతి అప్పుడే గమనించినట్టున్నాడు. "కానీ ఇప్పుడు ఆపితే ఎందుకు ఆపారంటారు. ఏం రాయను? ఎవరి తప్పని రాయను?"

"నాదని రాయండి."

"రాస్తే మిగిలిన సినిమాలు నీకే ఇవ్వాలని నేను గట్టిగా అడగలేను. తెలుసుగా?"

"తెలుసు సార్. ముందు టీవీ ఆపించండి. తిని వచ్చినవాళ్లని మన కిటికీ దగ్గర మనమే తిడుతున్నాం. వాళ్లు మనం చెప్పినట్టే చేశారు."

ఆయన కిటికీలోంచి హాలు వైపు చూశాడు. నీలం కోటు బొమ్మ అక్కడ నవ్వుతూ తినమంటోంది. లేచి తనే వెళ్లాడు. స్విచ్చి అందలేదు. ఒక కుర్చీ లాక్కుని, దాని మీద ఎక్కి, టీవీ ఆపి దిగాడు. వరసలో వాళ్లు వింతగా చూశారు.

"ఆపరేషన్ సినిమా తర్వాత చూద్దాం," అన్నాడు తిరిగొచ్చి, చేతులు దులుపుకుంటూ. "ముందు ఈ మూడూ సరిచేసి తీసుకురా. రేపు సాయంత్రం కమిటీ పెద్దాయన ఊరెళుతున్నాడు. ఈలోపు ఇస్తే ఆయన చెవిన వేసి, కొత్తది పాత సంతకాల మీదే నడిపించేస్తాను."

"మా అన్నయ్య చూడాలి సార్. ఆయన కూడా సంతకం పెట్టాలి."

"మంచిదే. రమ్మను. ఫారంలో ఇంకో గీత గీస్తాను, అంతేగా."

ఆ రోజూ మర్నాడు పొద్దునా ఆమె బల్ల ముందు నుంచి లేవలేదు. అన్న కుట్టు పని పక్కనపెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. అంగీ కోసం వచ్చినవాళ్లకు గుమ్మంలోంచే రెండు వేళ్లు చూపించాడు, రెండు రోజులాగమని. ఆమె మార్చేది. అతను తల ఊపేవాడు, లేదా తెర మీద వేలు పెట్టేవాడు. రక్తపరీక్ష శుక్రవారం సాయంత్రానికి అయింది. మందులది శనివారం పొద్దుటికి అయింది. మాత్ర భోజనానికి ముందా తర్వాతా అన్నది చూపు ఎటు తిరుగుతుందో దాన్నిబట్టి మారిపోతుందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఒక్కో మాట సరిపోయినప్పుడల్లా అతను బల్ల మీద ఒకసారి కొట్టేవాడు. ఆ దెబ్బ కోసం ఆమె ఎదురుచూడటం మొదలుపెట్టింది.

ఎక్స్‌రే సినిమా మిగిలింది. పదకొండు గంటలకు పెళ్లి బట్టలవాళ్లు వచ్చి, కదిలేది లేదని కూర్చుంటే అన్న లేవక తప్పలేదు. ఆమె ఒక్కతే చేసింది. చేయి తిరిగింది కాబట్టి చకచకా అయిపోయింది. అన్నను పిలుద్దామనుకుంది. అతని నోట్లో గుండుసూదులున్నాయి, ఎదురుగా మనిషి చేతులు చాచి నిలబడ్డాడు. టైము రెండు దాటింది. అక్కడ ఎలాగూ చూస్తాడు, సంతకం పెట్టేది అతనే కదా అనుకుంది.

*

ఆఫీసరు బల్ల మీద ఫారం సిద్ధంగా ఉంది. ఆరు సంతకాల కింద స్కేలుతో గీసిన ఏడో గీత. ఆయన అన్నకు కుర్చీ చూపించి, ఆమెతో, "టీ తాగుతాడా?" అని అడిగాడు.

ఆమె అన్నను అడిగి, "వద్దన్నాడు సార్. ముందు చూస్తాడట," అంది.

మొదటి సినిమా పెట్టారు. అన్న ముందుకు వంగి చూశాడు, బల్ల మీద ఒకసారి కొట్టాడు. ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు. మందులది చూశాడు. మళ్లీ కొట్టాడు. ఈసారి ఆఫీసరు నవ్వాడు. మూడోది ఎక్స్‌రే. అన్న చూశాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. మళ్లీ చూశాడు. చెయ్యి బల్ల మీదకు రాలేదు.

ఆఫీసరు కలం మూత తీసి, ఫారం మీద పెట్టి, అతని వైపు జరిపాడు. "ఇక్కడ పెట్టమనమ్మా. పెద్దాయన అయిదింటికి బయల్దేరతాడు."

అన్న కలం తీసుకున్నాడు. దాని మూత మళ్లీ పెట్టేసి, ఫారం పక్కన ఉంచాడు. చెల్లెలి వైపు చూసి చేతులు కదిపాడు. ఆమె చూసింది. అతను మాట్లాడుతుంటే బయటివాళ్లకు చెప్పేటప్పుడు చిన్నప్పటినుంచీ ఆమెకొక అలవాటుంది. మధ్యలో తను దూరదు, అతను నేను అంటే తనూ నేను అనే అంటుంది. ఇవాళ ఆ అలవాటు పాటించడం కష్టమైంది.

"చెప్పు," అన్నాడు అన్న.

"ఈ మూడోది నాకు అర్థం కాలేదు," అంది ఆమె ఆఫీసరుతో.

"అదేంటమ్మా! తీసింది నువ్వే కదా?"

"నేను కాదు సార్. అన్నయ్య అంటున్నాడు."

"ఓహో." ఆయన గడియారం చూశాడు. "ఎంతో కొంత అర్థమైతే చాలమ్మా. సొంత చెల్లెలి పనికి కూడా ఇంత పట్టింపైతే ఎట్లా? తర్వాత సర్దుకోవచ్చని చెప్పు."

ఆమె చెప్పింది. తను కూడా అదే అనుకుందని, ఇక్కడ ఎలాగూ సరిపోతుందనుకుందని, అది కూడా చెప్పింది. అన్న విన్నాడు. అంటే చూశాడు. కోపమేమీ లేదు అతని ముఖంలో. కొలత తప్పిన బట్టను మళ్లీ విప్పేటప్పుడు ఉండే నిదానం ఉంది. మొదలుపెట్టాడు, ఆమె ఒక్కో మాటా అతని వెనకే పలికింది.

"ఊపిరి పట్టుకోమని బొమ్మ చెప్పింది. బాగానే చెప్పింది. కానీ అది చెప్పిన వెంటనే ముఖం వదులు చేసేసింది. ఎప్పటిదాకా పట్టుకోవాలో నాకు చెప్పలేదు. నేనైతే వెంటనే వదిలేస్తాను. ఎక్స్‌రే చెడిపోతుంది. అప్పుడు మీరు నన్ను మళ్లీ పడుకోబెట్టి, చెప్పింది తెలియదా అంటారు." ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది. "మొదటి రెండూ నా పక్కన కూర్చుని చేసింది. ఇది ఒక్కతే చేసింది. తీసిన మనిషి తొందరపడింది. మంచి పనిమంతురాలు. కానీ తొందరపడింది."

ఆమె చెంపలు వేడెక్కాయి. సిగ్గుతోనో సంతోషంతోనో ఆమెకే తెలియలేదు.

ఆఫీసరు ఆమె వైపు చూస్తూనే, "ఎంతసేపు పట్టుకోవాలని చూపించాలట..." అని మొదలుపెట్టాడు. అంతలో ఆగాడు. గోడ గడియారం వైపు ఒక చూపు చూసి, ఫారం తీసి సొరుగులో పడేశాడు. కుర్చీ చక్రాలు కిర్రుమనేలా తిప్పి, అన్నకు ఎదురుగా కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు.

"చెప్పండి సార్," అన్నాడు అతని ముఖంలోకి చూస్తూ. "ఎంతసేపు?"